కత్తిపీటా, ఫ్రెంచి కథలూ

బందరు,
20 జూన్ 1973

అమ్మాయి ఎస్తేరుకి,

పోయిన ఉత్తరంలో నీ ఆసుపత్రి డ్యూటీల సంగతి రెండు పేజీలు రాశావు. మీ అమ్మ మోకాళ్ల సంగతి ఒక్క ముక్క లేదు. నాకున్నది ఒక్క అక్క. ఆవిడ కూర్చుంటే లేవగలుగుతోందా లేదా, అది ముందు రాయి.

ఈ కవరు బరువు చూసి భయపడకు. లోపల ఉన్నది ఫ్రెంచి కథ. చెన్నకేశవులు గారు తన పత్రికలో నెలకొకటి వేస్తానన్నారు. నాకు ఫ్రెంచి వచ్చా అని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని మా హైస్కూలు పిల్లలకి చెప్పినట్టు తెలుగులో చెప్పాను. వేసవి సెలవులన్నీ దీనికే పోశాను.

ఒక పల్లెటూళ్లో నీటిచక్రంతో నడిచే పిండిమిల్లు. దాని యజమాని పెదవి విప్పని మనిషి. అతని భార్య వయొలిన్ మాస్టార్ని ప్రేమిస్తుంది. ఒకనాడు ఆమె శాలువా మీద, వయొలిన్‌కి రాసే గుగ్గిలం పొడి భర్త కంట పడుతుంది. ఏమీ అనడు. మాస్టార్ని భోజనానికి పిలుస్తాడు, కొసరి కొసరి వడ్డిస్తాడు, మా మిల్లు చూద్దురుగాని రండి అంటాడు. మర్నాడు మిల్లులో పిండి ఎర్రగా వస్తుంది. అక్కడితో కథ అయిపోయింది. రాస్తూ నేనే చెమటలు తుడుచుకున్నాను.

ఎప్పటిలాగే నువ్వు చదివి బాగుందంటేనే పత్రికకి పంపుతాను. మొహమాటపడకుండా చెప్పు. కాని బాగుందనే చెప్పు.

నీ మేనమామ
సామ్యూల్


రాయ్‌పూర్,
1 జులై 1973

మావయ్యా,

అమ్మ కూర్చుంటోంది, లేస్తోంది, లేచినప్పుడల్లా నిన్ను తలుచుకుంటోంది. "వాడు పెళ్లి చేసుకుని ఉంటే నా మోకాళ్ల గురించి అడిగే తీరిక ఉండేది కాదు" అంటోంది.

నీ కథ డ్యూటీ దిగాక మగవాళ్ల వార్డులో చదివి వినిపించాను. రైలు పనివాళ్లు చాలామంది మనవాళ్లే. ఈ హిందీ ఊళ్లో తెలుగు కథ వినిపిస్తుంటే నొప్పి మాత్రలు మరిచిపోయి విన్నారు. పిండి ఎర్రగా వచ్చిందనగానే వార్డంతా నిశ్శబ్దం. నీ కథ గెలిచిందనుకున్నాను. అప్పుడు కిటికీ పక్క మంచం మీద నుంచి, కాలు విరిగి కట్టుతో ఉన్న దానయ్య అనే ఆయన అడిగాడు: "అంత పెద్ద చక్రానికి కంచె లేదా సిస్టర్?"

ఆయన వ్యాగన్లు బాగుచేసే కార్ఖానాలో ఫిట్టరు. పలకరిస్తే తప్ప పలకడు. చేరిన దగ్గర్నుంచి ఆయన నోటివెంట వచ్చిన అతి పెద్ద మాట అదే. ఇంకేముంది, కంచె లేకపోవడం ఎవరి తప్పు, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు ఎక్కడికి పోయాడు అని వార్డంతా ఒకటే గోల. మాస్టారు పోయినందుకు ఒక్కరూ అయ్యో అనలేదు. ఇంటికొచ్చి అమ్మకి చెబితే, "అంత పిండీ పారబోసుకున్నారా?" అంది.

నీ
ఎస్తేరు


బందరు,
9 జులై 1973

అమ్మాయి ఎస్తేరుకి,

ఒక మనిషి ప్రేమకోసం నలిగి చస్తే కంచె లేదా అని అడుగుతాడా! నువ్వు బాగుందన్న మాట రాయలేదు గనక మిల్లు కథని సొరుగులో పెట్టేశాను. ఆ ఫిట్టరుకి నా తరఫున కృతజ్ఞతలు చెప్పు.

నీకు ఒక్క సంగతి చెబుతాను, జాగ్రత్తగా విను. ఈ కథలు చదివి చదివి నాకు తెలిసిందేమిటంటే, అరిచే భర్త వల్ల ఎవరికీ ఏమీ కాదు. కుర్చీ విరగ్గొడతాడు, ఏడుస్తాడు, పడుకుంటాడు. మాట్లాడనివాడే గొయ్యి తవ్వుతాడు. ఫ్రెంచివాళ్ల ప్రేమలో తలుపు వెనక ఎప్పుడూ ఒక తుపాకీ ఉంటుంది, ఆ తలుపు తీసేవాడు ఎప్పుడూ నెమ్మదస్తుడే. నువ్వు ఆ కిటికీ పక్క మంచానికి మందులిచ్చి వచ్చెయ్యి. కబుర్లు పెట్టుకోకు.

అక్కకి చెప్పు, నాకు పెళ్లి కాకపోవడం వల్లే ఈ కుటుంబంలో ఒక్కరైనా ప్రశాంతంగా ఆలోచించగలుగుతున్నారని.

సామ్యూల్


బందరు,
10 ఆగస్టు 1973

అమ్మాయి ఎస్తేరుకి,

నెల దాటింది, నీ ఉత్తరం లేదు. కొత్త కథ విడిగా పార్సెల్లో పంపాను. నీ జవాబు రాకపోయేసరికి ఈసారి ముందు చెన్నకేశవులు గారికి చూపించాను, చదివి రెండు రోజులు అన్నం తినలేదట.

ఇందులో ఒక గుర్రపుదళం కెప్టెను తను ప్రేమించిన అమ్మాయికి బాకు బహుమానంగా ఇస్తాడు. పిడి మీద ఆమె పేరు చెక్కిస్తాడు. "నేను నిన్ను మోసం చేసిననాడు ఇది నీకు పనికొస్తుంది" అంటాడు. పనికొస్తుంది. అతని వీపులో దొరుకుతుంది. పిడి మీద పేరు చూసి పోలీసులు తిన్నగా ఆమె ఇంటికి వెళతారు.

మీ వార్డులో వాళ్లకి చదివి వినిపించకు. బాకుకి ఒర లేదా అని అడుగుతారు.

సామ్యూల్


రాయ్‌పూర్,
12 ఆగస్టు 1973

మావయ్యా,

నీ దగ్గర్నుంచి కొత్త కథేదీ ఇంకా రాలేదు. అది వచ్చేదాకా ఆగలేక రాస్తున్నాను. కూర్చుని చదువు.

దానయ్య కాలు బాగుపడి డిశ్చార్జి అయ్యాడు. కృతజ్ఞత చెప్పుకోవడానికి ఒక ఆదివారం మన ఇంటికి వచ్చి, అది మాత్రం చెప్పకుండా కూర్చున్నాడు. అమ్మ బెండకాయలు తరుగుతూ ఇక్కడి కత్తిపీటలని తిడుతోంది కదా, అది విన్నాడు. రెండు ఆదివారాల తర్వాత కొత్త కత్తిపీట పట్టుకొచ్చాడు. పాత లారీ ఉక్కు కమాను పట్టీ కొని, సొంతంగా కాల్చి, సాగ్గొట్టి, పదునుపెట్టి చేశాడు. టేకు పీట. పీట మీద ఇత్తడి మేకులతో నా పేరు.

"ఇదెందుకయ్యా?" అంది అమ్మ.

"పెళ్లయ్యాక కూడా పనికొస్తదని."

"ఎవరి పెళ్లి?"

"మాది."

నాతో ముందు ఒక్క మాట చెప్పలేదు మావయ్యా! నేను వంటింట్లో టీ కాస్తున్నాను. అది కాస్తా పొంగిపోయింది. బయటికొచ్చి చూస్తే ఆయన తల వంచుకుని, బెండకాయ ఎలా తెగుతుందో అమ్మకి చూపిస్తున్నాడు. చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి. సరేనన్నాను.

ఇక్కడి మన తెలుగు చర్చి సంఘంలోనే సభ్యుడు. పాటలప్పుడు నోరు కదుపుతాడు, చప్పుడు రాదు. సొంత ఊరు తెనాలి దగ్గర. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోయారు. నాకు బోలెడంత ఇష్టం. నా సభ్యత్వం ఇంకా బందరు చర్చిలోనే ఉంది గనక పెళ్లి ప్రకటన అక్కడా, ఇక్కడా మూడేసి ఆదివారాలు చదవాలి. అక్కడిది నువ్వు చూడాలి. నాన్న లేరు, పెళ్లిరోజు నన్ను చెయ్యి పట్టుకుని గుడిలోకి తీసుకెళ్లాల్సింది కూడా నువ్వే. ఇంకెవరినీ పట్టుకోను.

నీ
ఎస్తేరు


బందరు,
19 ఆగస్టు 1973

ఎస్తేరూ,

పేరా? పేరు చెక్కించి ఇచ్చాడా? నా పార్సెల్ ఈపాటికి వచ్చి ఉంటుంది. మూడో పేజీ చదువు. చదివి ఆ వస్తువుని అటక మీద పెట్టి నిచ్చెన తీసెయ్యి.

కొందరు పూలు ఇస్తారు. పూలు దొరకని ఊళ్లో చీర ఇస్తారు. పెళ్లికి ముందు ఆడపిల్లకి మూరెడు కత్తి ఎవడైనా ఇస్తాడా? పైగా "పెళ్లయ్యాక పనికొస్తుంది" అంటాడా?

ఇంకొకటి. అతని కాలు ఎలా విరిగిందో నువ్వు ఇంతవరకు రాయలేదు. ఫ్రెంచి కథల్లో మగవాడి కాలు విరగడానికి ఒకటే కారణం, పరాయివాళ్ల మేడ మీద కిటికీ. నిజం రాయి. ప్రకటన సంగతి పాస్టరు భీమారావు గారితో చెప్పాను. చెప్పానే గాని నా మనసు మనసులో లేదు.

సామ్యూల్


రాయ్‌పూర్,
26 ఆగస్టు 1973

మావయ్యా,

నీ బాకు కథ, నీ ఉత్తరం ఒకేరోజు వచ్చాయి. అమ్మా నేనూ పొట్ట పట్టుకుని నవ్వాం. అటక మీద పెడితే బెండకాయలు నువ్వొచ్చి తరుగుతావా అంటోంది అమ్మ.

ఆయన పడ్డమాట నిజమే. కిటికీలోంచి కాదు, ఇంటి కప్పు మీద నుంచి. బీర్‌గావ్‌లో కోటమ్మ గారని ఉన్నారు. భర్త పోయాడు, ఒంటరిగా ఉంటుంది. వానలకి ముందు ఆవిడ ఇంటి పెంకులు సర్దడానికి ఏటా ఈయనే వెళతాడు. ఈసారి జారాడు. ఆవిడంటే ఈయనకి ప్రాణం, ఆవిడకీ అంతే. పెళ్లయ్యాక ఆవిడ కూడా మాతోనే ఉండాలి అన్నాడు. ఆయన నన్ను అడిగిందల్లా అదొక్కటే. నేను సంతోషంగా ఒప్పుకున్నాను. ఆవిడ గురించి చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది గాని ఇన్‌లాండులో చోటు అయిపోయింది. సెప్టెంబరు తొమ్మిది నుంచి ఇక్కడ ప్రకటన. అక్కడ కూడా అప్పుడే

ఎస్తేరు


బందరు,
17 సెప్టెంబరు 1973

అమ్మాయి ఎస్తేరుకి,

నువ్వు నన్ను తిడతావు. ఏడుస్తావు. కొన్నాళ్లకి దణ్ణం పెడతావు. ఆ రోజుకోసం ఎదురుచూస్తాను.

మొదటి ఆదివారం ప్రకటన చదివినప్పుడు పంటి బిగువున కూర్చున్నాను. నిన్న రెండోసారి. "ఈ వివాహమునకు ఎవరికైనా అభ్యంతరమున్నయెడల తెలుపవలెను" అని పాస్టరు గారు ఎప్పటిలాగే కాగితం మడవబోతున్నారు. లేచాను. మన చర్చిలో ఆ ప్రశ్నకి ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు కాబోలు, ఆయన నన్ను చూసి, "మాస్టారూ, బాత్‌రూమ్ వెనకవైపు" అన్నారు.

"అభ్యంతరం ఉంది" అన్నాను. పాటల పుస్తకాలు టపటపా కిందపడ్డాయి. కారణం అడిగారు. చెప్పాను: వరుడికి బీర్‌గావ్ అనే ఊళ్లో ఒక వితంతువుతో సంబంధం ఉంది, ఆమె ఇంటి కప్పు మీద నుంచి పడే అతని కాలు విరిగింది, పెళ్లయ్యాక ముగ్గురూ ఒకే ఇంట్లో కాపురం పెడతారట, మా అమాయకురాలు సంతోషంగా ఒప్పుకుంది.

ఆడవాళ్ల వైపు నుంచి ఒకావిడ "ప్రభువా!" అంది. ఇంత పనికి ఫ్రెంచివాళ్లు కూడా తెగించలేదమ్మా. పాస్టరు గారు ప్రకటన ఆపేసి, విచారించమని మీ రాయ్‌పూర్ పాస్టరు గారికి రాశారు. దసరా సెలవులు ఇవ్వగానే నేనొచ్చి నిన్ను, అక్కని బందరు తీసుకొచ్చేస్తాను.

సామ్యూల్


రాయ్‌పూర్,
24 సెప్టెంబరు 1973

మావయ్యా,

ఈసారి ఇన్‌లాండు కాదు. కావలసినంత కాగితం తెచ్చుకున్నాను.

కోటమ్మ గారికి డెబ్బై దాటాయి. నోట్లో పన్ను లేదు. ఈయన తల్లిదండ్రులు ఈ ఊరొచ్చాక పోతే, పొరుగింటి పిల్లాడని ఈయన్ని తెచ్చుకుని పెంచింది. నేను రాయాల్సింది అది. నువ్వు అడగాల్సింది కూడా అదే. ఒక్క కార్డు ముక్క రాసి "ఆవిడెవరమ్మా?" అని అడిగి ఉంటే సరిపోయేది కదా! చర్చి నిండా జనం ముందు లేచావు.

నిన్న ఆరాధన అయ్యాక సంఘపెద్దలు ఆవిణ్ణి పిలిపించారు. బీర్‌గావ్ నుంచి రిక్షాలో వచ్చింది, కర్ర పట్టుకుని. సంగతి చెవిలో అరిచి చెప్పారు. "ఎవడయ్యా ఆ బందరు మాస్టరు? బులావో వాణ్ణి ఇక్కడికి! వీడు నా గోద్‌లో పెరిగినోడయ్యా. ఒళ్లో కూసోబెట్టుకుని నా చేత్తో ముద్దలు పెట్టి పెద్దజేసినాను. మీ మాస్టరుకి దిమాగ్ ఉందా?" అని కర్ర ఎత్తింది. పెద్దలు నవ్వలేక, ఆపుకోలేక బయటికెళ్లిపోయారు. తిరిగి రిక్షా ఎక్కుతూ మాత్రం కొంగు సర్దుకుని నాతో మెల్లగా అంది: "పోన్లేవే, డెబ్బై దాటిన ఈ ఉమర్‌లో నా మీద కూడా ఒక మాట పుట్టింది."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. దానయ్యని చూస్తే నాకు ప్రాణం పోయింది. సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. కోపం వచ్చిందా అన్నాను. "మీ మావయ్యగారు లేచి నిలబడ్డారంటే నీకోసమే గదా. ఆయన సరే అన్నాకే పెళ్లి. అప్పటిదాకా ఆగుదాం" అన్నాడు. ఆయన అన్న మాట అన్నట్టే ఉంటాడు. ఇప్పుడు నా పెళ్లి జరగడం, జరగకపోవడం నీ చేతిలో ఉంది.

నీ కథల సంగతి కూడా చెబుతాను. మా ఆడవాళ్ల వార్డుకి దెబ్బలతో వచ్చేవాళ్లని రోజూ చూస్తున్నాను. వాళ్లని తీసుకొచ్చే భర్తలు నీ ఫ్రెంచివాళ్లలా ముభావులేం కాదు. తెగ మాట్లాడతారు. బత్తాయిలు తెస్తారు, మంచం పక్కన కూర్చుని ఏడుస్తారు, ప్రేమ ఎక్కువై కొట్టాను సిస్టర్ అంటారు. చెక్కిలి కుట్లు విప్పకముందే ఆ మాట చెబుతారు. నీ కథల్లో కూడా చంపినవాడు అదే చెబుతాడు, నువ్వేమో దాన్ని అందమైన తెలుగులో రాస్తావు. దానయ్య ఇంతవరకు ప్రేమ అన్న మాట అనలేదు. అమ్మ బెండకాయలు తరగలేకపోతోందని చూశాడు, అంతే. నాకు అది చాలు.

నువ్వు రాకపోతే ఈ పెళ్లి నాకు సగం పెళ్లే మావయ్యా. కోపంగా ఉంది. రా.

ఎస్తేరు


టెలిగ్రాం
బందరు, 29 సెప్టెంబరు 1973

అభ్యంతరం వెనక్కి తీసుకున్నాను. తల ఎత్తుకోలేకున్నాను. కోటమ్మ గారికి క్షమాపణలు. సామ్యూల్


బందరు,
15 అక్టోబరు 1973

అమ్మా ఎస్తేరూ,

భీమారావు గారు నన్ను తేలిగ్గా వదల్లేదు. ఆగిపోయిన ప్రకటన మళ్లీ మొదటి నుంచి చదవాలన్నారు. చదవాల్సింది నేనే అన్నారు. "నోరు మీదే కదా మాస్టారూ" అన్నారు.

మూడు ఆదివారాలు ముందుకెళ్లి నిలబడి చదివాను. "ఎవరికైనా అభ్యంతరమున్నయెడల" అనగానే చర్చి మొత్తం నా వైపే చూసేది. పిల్లలైతే బెంచీల మీద నిలబడి చూశారు. మొదటిసారి సిగ్గుతో చచ్చాను. రెండోసారి అందరూ నవ్వితే నేనూ నవ్వాను. నిన్న మూడోసారి నీ పేరు, మీ నాన్న పేరు చదివి, కాగితం పాస్టరు గారి చేతిలో పెట్టేశాను. మిగతాది ఆయనే పూర్తి చేశారు.

నిజం చెబుతాను. నేను భయపడింది బాకుకి కాదు. నేను రాసిన ప్రతి ముక్కా ముందు చదివేది నువ్వు. నీకు సంసారం వస్తే నా కాగితాలు ఎవరు చూస్తారు? ఆ దిగులు నాకు నేను చెప్పుకోలేక ఫ్రెంచివాళ్ల నెత్తిన పెట్టాను. నువ్వంటే నాకు అంత ఇష్టం, ఇన్నేళ్లలో ఒక్కసారైనా చెప్పానో లేదో.

ఇరవైనాలుగున పెళ్లి గదా, ఇరవైరెండుకే దిగుతాను. కోటమ్మ గారి కర్ర కాస్త దాచండి.

సామ్యూల్


బందరు,
12 నవంబరు 1973

అమ్మా ఎస్తేరూ,

బొటనవేలు ఇంకా పూర్తిగా వంగడం లేదు. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

పెళ్లిరోజు పొద్దున వంటవాళ్లకి సాయం చేద్దామని కూర్చోవడం నాదే బుద్ధి తక్కువ. ఆ కత్తిపీటని ఇన్నాళ్లు అనరాని మాటలన్నాను కదా, మంచి చేసుకుందామనుకున్నాను. మొదటి సొరకాయకే వేలు తెగింది. ఆ కత్తి ఇంతవరకు కళ్లజూసిన నెత్తురు నాదొక్కడిదే. పెళ్లికూతురు తెల్లచీర మీద తువ్వాలు కప్పుకుని మేనమామకి కుట్లు వేయడం ఏ దేశపు కథలోనూ చదవలేదు. కోటమ్మ గారు వచ్చి చూసి, "ఖతం అనుకున్నా, బతికే ఉన్నాడే!" అన్నారు. ఆవిడ నాకు ముద్ద కలిపి పెట్టారు, ఎడంచేత్తో తినలేకపోతున్నానని.

నిన్ను గుడిలోకి తీసుకెళ్లేటప్పుడు కట్టున్న చెయ్యే పట్టుకున్నావు. నొప్పి పుట్టింది. చెప్పలేదు.

ఇంటికొచ్చి మిల్లు కథ సొరుగులోంచి తీశాను. చివరి పేజీ చింపేసి కొత్తగా రాశాను. భోజనం అయ్యాక యజమాని మాస్టార్ని మిల్లుకి తీసుకెళతాడు. చక్రం చుట్టూ నడుమెత్తు కంచె. మాస్టారు కంచె పట్టుకుని నీళ్లు చూస్తాడు. యజమాని తనూ పక్కన కంచె పట్టుకుని, "నా పెళ్లాం మీ వాయిద్యం వింటూ నవ్వుతుంది. నాకూ నేర్పుతారా?" అని అడుగుతాడు. ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగిపోతాయి.

కొత్త పెళ్లికూతురివని నీకు చూపకుండానే పంపితే, చెన్నకేశవులు గారు తిప్పి పంపేశారు. "ఎవరూ చావలేదు. ఇది ఫ్రెంచి కథ ఎలా అవుతుందండీ?" అని రాశారు. పోనీ. నువ్వు చదివి చెప్పు. అతనికి కూడా వినిపించి, ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాయి.

మావయ్య


రాయ్‌పూర్,
25 నవంబరు 1973

మావయ్యా,

బాగుంది. మొహమాటానికి అనడం లేదు, చాలా బాగుంది. వార్డులో చదివితే ఒకాయన వయొలిన్ ఖరీదెంత అని అడిగాడు. కోటమ్మ గారు మాత్రం చివరిదాకా విని, "చివరికి ఎవుడూ చావలేదా? ఇదేం కథ!" అని దుప్పటి కప్పుకుంది. మీ చెన్నకేశవులు గారికి ఈవిడ సరిగ్గా సరిపోతుంది.

ఆయన ఏమన్నాడో రాయమన్నావు. ఏమీ అనలేదు. కంచె దగ్గరికి వచ్చేసరికి ఒకసారి తలెత్తి నన్ను చూశాడు. కథ అయిపోగానే లేచి బయటికి వెళ్లాడు. నచ్చలేదేమో అనుకున్నాను. వాకిట్లో చెక్క కోస్తున్న చప్పుడు వినిపించింది.

కత్తిపీటకి తొడుగు చేశాడు మావయ్యా, టేకుతోనే. కత్తి మొత్తం కప్పేస్తుంది. దాని మీద కూడా ఇత్తడి మేకులతో పేరు కొట్టాడు. నాది కాదు. "మావయ్య గారు" అని. వేసవి సెలవులకి నువ్వొస్తావు గదా, అప్పటికి ఉండాలన్నాడు.

నీ
ఎస్తేరు